గంగారం గోలీ

లేహ్,
20 జనవరి 2011

ఉమక్కా,

ఇక్కడ పెన్నులో సిరా గడ్డకట్టింది. పెన్సిల్‌తో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉన్నాయని టీచరు బుద్ధి చూపించి ఎర్ర గీతలు పెట్టకు. ఫోన్ ఎందుకు చేయవని కూడా తిట్టకు. మా క్యాంపు దగ్గర టవర్ ఉంది, సిగ్నల్ లేదు. గంగారం అడవిలో మన తండాకు ఆ టవర్ కూడా లేదు.

అసలు సంగతి చెబుతాను, నవ్వకూడదు. నేను ఆటగాణ్ణయ్యాను. బడిలో కబడ్డీకి ఎవరూ ఎంచుకోకపోతే నువ్వు పెద్దసారుతో కొట్లాడి జట్టులో వేయించావే, ఆ హరిలాలే. ఆట పేరు ఐస్ హాకీ. నేల బదులు మంచు, బంతి బదులు నల్లటి రబ్బరు బిళ్ళ, బూట్ల కింద కత్తులు. మా సరిహద్దు దళానికి ఒక జట్టు ఉంది. ఎంపిక రోజు లడాఖ్ పిల్లలు మంచు మీద చేపల్లా జారిపోతుంటే నేను లేవడం, పడడం, మళ్ళీ లేవడం. కోచ్ చాలాసేపు చూసి, "వీడు కదలలేడు, కదలక్కరలేని చోట పెట్టండి" అన్నాడు. అలా నన్ను గోలు ముందు నిలబెట్టారు. గోలుకు కాపలా కాసేవాణ్ణి ఇక్కడ గోలీ అంటారు.

కదలక్కరలేదన్నది అబద్ధమని మొదటి రోజే తెలిసింది. బిళ్ళ ఎటు నుంచి వస్తుందో తెలియదు, వచ్చాక ఆలోచించే టైం ఉండదు. ముందరి పన్ను ఒకటి పోయింది. కానీ అక్కా, ఆ బిళ్ళ నా ఛాతీకి తగిలి కింద పడినప్పుడు ఎంత సంతోషమో నీకు రాయలేను. వచ్చే ఏడాది దేశం జట్టుకు ఎంపిక ఉందట. అందులో నిలబడాలని ఉంది. ఇంత గట్టిగా నేను ఇప్పటిదాకా దేన్నీ కోరుకోలేదు.

మన లంబాడీ మాటకు అక్షరాలు లేవు కదా, అందుకని బాపుకు తెలుగులోనే ఒక కార్డు రాశాను. పోస్టు మల్లేశం చదివి వినిపిస్తాడు. కార్డులో నాలుగు ముక్కలే పట్టాయి. నువ్వు తండాకు పోయినప్పుడు వివరంగా చెప్పు.

నీ తమ్ముడు,
హరి


కొడకండ్ల,
14 ఫిబ్రవరి 2011

తమ్మీ,

నువ్వు క్షేమమేనని నాకు తెలుసు. ఆ సంగతి మన ఇంటి బయట ఇక్కడ ఎవరూ ఒప్పుకోరు.

నీ కార్డులో ఏం రాశావో గుర్తుందా? "బాపూ, నేను గోలీ అయిన. ఒళ్లంత దెబ్బలే. ఒక పన్ను పోయింది. ఫికర్ చెయ్యకు, సంబురంగ ఉన్న." నిరుడు మానుకోట స్టేషన్ దగ్గర జరిగిన కాల్పుల తర్వాత మన వైపు గోలీ అంటే ఒకటే అర్థం, తుపాకీ గుండు. మల్లేశం కార్డు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని బాపుతో, "జైసింగన్నా, పిలగానికి గోలీ తాకిందే. పాణానికేం గాలేదంట" అన్నాడట. సంబురంగ ఉన్న అన్న మాటకు కూడా అతనే అర్థం చెప్పాడు: "గుండె ధైర్యం గట్లాంటిది." యాడి, కన్నతల్లి కదా, ఏడ్చిన ఏడుపు పక్క తండాకు వినిపించింది.

ఆ సాయంత్రానికే జీపులో జగన్మోహన్ దిగాడు. నీకు తెలుసు, మానుకోటలో ఎరువుల దుకాణం. ఇప్పుడు ఉద్యమ కమిటీ కన్వీనర్. మూడు రోజుల్లో గంగారం నుంచి మానుకోట దాకా ఫ్లెక్సీలు లేచాయి: "గోలీకి గుండెనిచ్చిన గంగారం బిడ్డ". నీ పదో తరగతి హాల్ టికెట్ ఫోటో వేశారు, అగ్గిపెట్టె అంత. జగన్మోహన్ ఫోటో తలుపు అంత.

సరిహద్దులో తాకిన గోలీకీ తెలంగాణకూ ఏం సంబంధమని మన తండా భద్రు ఒక్కడు మాత్రం అడిగాడట. "ఢిల్లోళ్ళే కాల్పిచ్చిన్రు" అని జగన్మోహన్ జవాబు. భద్రు చప్పట్లు కొట్టాడట.

నేను బడికి సెలవు పెట్టి మానుకోట పోయి, జగన్మోహన్‌కు ఆట సంగతంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"టీచరమ్మా, ఫ్లెక్సీ కట్టినంక గోలీ లేదంటే ఎట్లనమ్మా?"

"లేనిదాన్ని ఉందని ఎట్ల అంటారు?"

"పన్ను పోయిందంటివి గదా. రక్తం అచ్చిందా?"

"వచ్చే ఉంటుంది."

"గంతే మరి! గోలీ అయితేంది, రబ్బరు బిళ్ళ అయితేంది. కారింది తెలంగాణ రక్తమే గదా!"

దీనికి ఏం చెప్పాలో నువ్వే రాయి. యాడికి మాత్రం నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. ఆమె అన్నం తిన్నది. బాపు కూడా విన్నాడు.

అక్క,
ఉమ


లేహ్,
18 మార్చి 2011

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వినందుకు పక్క మంచం వాడు లేచి తిట్టాడు. ఆ ఫ్లెక్సీ ఫోటో ఒకటి పంపవా? ఎవరికీ చూపించను. సరే, నలుగురికి చూపిస్తాను.

పోనీ అక్కా, ఎందుకు అంత పట్టింపు? మన వాళ్ళకు ఐస్ అంటే పుల్లైసు. ఐస్ హాకీ ఆడతానంటే ఐసు డబ్బా తొక్కుతున్నాననుకుంటారు. దానికంటే గోలీ తగిలిందనుకుంటేనే కొంత మర్యాదగా ఉంది.

మా ఆటలో ఒక మంచి ఏర్పాటుంది. తప్పు చేసినవాణ్ణి రెండు నిమిషాలు గాజు గోడల గదిలో ఒంటరిగా కూర్చోబెడతారు. అందరూ వాణ్ణి చూస్తుంటారు, వాడు మాట్లాడకూడదు. జగన్మోహన్‌కు ఇలాంటిదొకటి కట్టిస్తే, దానికీ రిబ్బన్ తానే కోస్తాడు.

ఇంకో మాట మానుకోటలో పొరపాటున కూడా అనకు. ఇక్కడ జట్టులో నా పేరు "ఆంధ్రా". "ఆంధ్రా, బిళ్ళ చూడు! ఆంధ్రా, లే!" అంటారు. సర్వీసు కాగితాల్లో రాష్ట్రం అదే కదా. మొదట్లో, కాదు తెలంగాణ అని చెప్పాను. అది ఏ జిల్లాలో ఉందని అడిగారు.

ఆట బాగుపడింది. దేశం జట్టు క్యాంపుకు నన్ను పిలిచారు. ఇద్దరు గోలీలను తీసుకుంటారట, పోటీలో నలుగురం ఉన్నాం. తుది ఎంపిక వచ్చే జనవరి ఆఖరున.

హరి


మానుకోట, శిబిరం నుంచి,
9 అక్టోబరు 2011

తమ్మీ,

సకల జనుల సమ్మె. బడి లేదు, బస్సు లేదు. మూడు ఆటోలు మారి వచ్చి మా టీచర్ల టెంటులో కూర్చున్నాను. రాష్ట్రం కావాలన్న మాట నాకు మనస్ఫూర్తి మాట. జీతం లేకుండా కూర్చున్న అటెండరు మొదలు వంట చేసి తెస్తున్న ఆడవాళ్ళ దాకా ఇక్కడ ఎందరో నిజంగా కూర్చున్నారు. వాళ్ళ మధ్య మన ఇంటి అబద్ధం కూడా కూర్చుంది, అదీ ముందు వరసలో.

అవును, బాపు. రోజూ జీపు వచ్చి తీసుకొస్తుంది. వేదిక మీద కుర్చీ, మెడలో బంతిపూల దండ. మొదట ఏమీ మాట్లాడేవాడు కాదు. తర్వాత "అవ్, తాకింది" అన్నాడు. ఇప్పుడు మైకు ఇస్తే వదలడం లేదు. ఆగస్టులో గోలీ నీ భుజంలో ఉండేది. బతుకమ్మ నాటికి ఛాతీలోకి వచ్చింది. దసరా రోజు గుండెకు గింజెడు దూరంలో ఆగింది. భూపాలపల్లి నుంచి గని కార్మికులు లారీ కట్టించుకుని బాపును చూడ్డానికి వచ్చారు. పగలంతా భూమి కింద ఉండే మనుషులు, వాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుని బాపు చేతులు పట్టుకుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

నిన్న జగన్మోహన్ దీన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. "గోలీ ఇంక ఆ బిడ్డ ఒంట్లనే ఉన్నది! తెలంగాణ అచ్చినంకనే తీపిచ్చుకుంటనని ఒట్టేసిండు!" అన్నాడు. జనం లేచి నిలబడ్డారు. ఒక విలేకరి ముందుకు వచ్చి నీ ఊరు, దళం, నంబరు అన్నీ అడిగి రాసుకున్నాడు. బాపు అన్నీ చెప్పాడు. నీ నంబరు ఆయనకు తప్పులేకుండా నోటికి వచ్చు.

నవ్వులాట దాటిపోయింది హరీ. నాకు భయంగా ఉంది.

ఉమ


లేహ్,
20 నవంబరు 2011

అక్కా,

నీ భయం నిజమే అయింది. ఆ విలేకరి రాసిన పేపరు ముక్క ఇక్కడికి చేరింది. మా దళంలో గుంటూరు వాడొకడున్నాడు, నేను "ఏంది, ఎట్ల" అన్నప్పుడల్లా సినిమాల్లో కమెడియన్ లాగా తిరిగి అనేవాడు. వాడి చేతే కమాండెంట్ సాబ్ దాన్ని హిందీలో చెప్పించుకున్నాడు.

నన్ను పిలిచారు. గోలీ ఒంట్లో పెట్టుకుని దాచి ఉంటే నేను ఉద్యోగానికే పనికిరాను. గోలీ లేకపోతే, యూనిఫాంలో ఉన్నవాడి పేరుతో రాజకీయం నడుస్తోంది, దానికి నేను ఒప్పుకున్నట్టే. ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. గోలీ లేదు సాబ్ అన్నాను. దవాఖానకు పంపి ఎక్స్‌రే తీయించారు. రాని రాష్ట్రం కోసం లేని గోలీని వెతికించుకున్న మొదటి జవాను నేనే అయి ఉంటాను.

గోలీ దొరకలేదు. పక్కటెముక ఒకటి విరిగి అతుక్కున్నట్టు కనిపించింది. వేసవి క్యాంపులో బిళ్ళ తగిలింది అక్కా. చెబితే క్యాంపు నుంచి పంపేస్తారని ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా రాయలేదు. ఊపిరి తీస్తే నొప్పి పుట్టేది, నీకు మాత్రం వాతావరణం గురించి రాశాను. ఇప్పుడు నయమైంది, డాక్టరు ఆడొచ్చన్నాడు.

కానీ విచారణ మిగిలింది. అది తేలేదాకా నా పేరు దేశం జట్టు ఎంపికలో ఉండదు. సాబ్ చెడ్డవాడు కాదు. "ఎవరు చెప్పారో వాళ్ళే నలుగురిలో కాదని చెప్పాలి. అది పేపర్లో రావాలి. జనవరి ఎంపిక లోపల తెప్పించు" అన్నాడు.

ఫ్లెక్సీ ఫోటో అడిగినందుకు నా చెంప నేనే వాయించుకోవాలి. అక్కా, నా దగ్గర ఉన్నది ఆ గోలు ముందు నాలుగడుగుల చోటు ఒక్కటే. అది పోనివ్వకు.

హరి


మానుకోట,
4 జనవరి 2012

తమ్మీ,

మొదట జగన్మోహన్ దగ్గరికి పోయాను. నీ ఉద్యోగం, ఆట, విచారణ అన్నీ చెప్పాను. ఈసారి ఆయన ఇంకా శ్రద్ధగా విన్నాడు.

"తెలంగాణ అచ్చినంకనే గోలీ తీపిస్తమని మనమే చెప్పినం గదమ్మా. గిప్పుడు గోలీనే లేదంటే, తెలంగాణ వస్తదన్నది గూడ గట్లాంటిదేనంటరు. ఉద్యమం దెబ్బతింటది."

"ఉద్యమం మా తమ్ముని ఒంట్లో లేని గోలీ మీద నిలబడిందా సార్?"

"గట్ల గాదు. ఫ్లెక్సీ మీదైతే నిలబడ్డది."

ఇక బాపే దిక్కని తండాకు పోయాను. నీ ఉత్తరం చదివాను. పక్కటెముక దగ్గరికి వచ్చేసరికి యాడి లేచి వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. బాపు బీడీ ముట్టించుకోకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"గోలీ లేదంటే నేనెవర్ని బిడ్డా?" అన్నాడు. "పోడు భూమి నాదని ఇన్నేండ్లు ఫారెస్టు ఆఫీసు ముంగట నిలబడి నిజం చెప్పిన. వాకిట్లకెల్లే ఎల్లగొట్టిన్రు. గీ ఒక్క అబద్దం చెప్పినంక కుర్చీ ఏసిన్రు."

 దీనికి జవాబు యాడి దగ్గర ఉంది హరీ. పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే అంది: "దెబ్బలు వానియి, దండలు నీయి."



నిన్న మానుకోటలో సభ. జగన్మోహన్ మామూలుగానే బాపును పిలిచి మైకు ఇచ్చాడు. బాపు దండ తీసి కుర్చీ మీద పెట్టాడు.  "ఇన్నొద్దులు నేను చెప్పింది అబద్దం. నా కొడుక్కు గోలీ తాకలే" అన్నాడు.  జగన్మోహన్ మైకు కోసం చెయ్యి చాపాడు. బాపు మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నా కొడుకే గోలీ. దేశం జట్టుల గోలు ముంగట నిలబడి, అచ్చేదాన్ని ఒంటితోని ఆపుతడు. గది వాని పని. గా పని వానికి ఉండనియ్యున్రి."

ఎవరో నవ్వారు, ఎవరో చప్పట్లు కొట్టారు. భూపాలపల్లి కార్మికుల్లో ఒకాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. బాపు ఆయన పోయిన వైపే చూస్తూ ఉండిపోయాడు. ఈలోగా జగన్మోహన్ మైకు అందుకున్నాడు. "విన్నరా! కొడుకే గోలీ అంట! గీసొంటి గోలీలు ఇంటికొకటి గావాలె!" ఇంకేముంది, నినాదమైపోయింది.

పేపర్లో ఏం వచ్చిందో ఇందులో పెట్టి పంపుతున్నాను. గోలీ తాకలేదన్న మాట ఉంది, కానీ పైన పెద్ద అక్షరాలు చూడు: "నా కొడుకే గోలీ". మీ సాబ్ దీన్ని చూసి ఇంకేమనుకుంటాడోనని దిగులుగా ఉంది.

ఈ ఉదయం శిబిరానికి వచ్చాం. వేదిక మీద కుర్చీలో లాఠీ దెబ్బ తిన్న ఇంకొకాయన ఉన్నాడు. బాపు కాసేపు నిలబడి, వచ్చి మా పక్కన చాప మీద కూర్చున్నాడు.

ఉమ


లేహ్,
26 మార్చి 2012

ఉమక్కా,

రెండు నెలలు రాయలేదు. విమానం ఎక్కే హడావుడి. అవును, ఎక్కాను!

పేపరు ముక్క తీసుకుని సాబ్ ముందు నిలబడ్డాను. గుంటూరు వాణ్ణే పిలిచారు. వాడు ఈసారి వెక్కిరించలేదు. పై అక్షరాలు చదివి నెమ్మదిగా, "మేరా బేటా హీ గోలీ హై" అన్నాడు. సాబ్, "సహీ తో బోలా, నిజమే చెప్పాడు! గోలీయే కదా ఇతను!" అని బల్ల మీద కొట్టి నవ్వాడు. విచారణ అక్కడే ముగిసింది. మన బాపు మాటను ఉన్నది ఉన్నట్టు అర్థం చేసుకున్న మొదటి ఆఫీసరు ఒక హర్యానా మనిషి. ఆయన్ను మన ఫారెస్టు ఆఫీసుకు బదిలీ చేయించే దారి ఉంటే బాగుండు.

ఎంపికలో రెండో గోలీగా తీసుకున్నారు. ఆసియా దేశాల పోటీ గల్ఫ్‌లో. బయట ఎడారి, లోపల మంచు. డబ్బున్న చోట దేవుడి ఏర్పాట్లు కూడా మారతాయి. లింగాల ఘనపూర్ శ్యాం అని అక్కడ మెట్లు తుడిచే అతను నా యాస విని పరుగెత్తుకొచ్చాడు. ఒక విలేకరి మీది ఏ రాష్ట్రమని అడిగితే నేను నోరు తెరిచేలోగా శ్యామే, "జర ఆగున్రి, చెప్తం" అన్నాడు.

మొదటి గోలీకి మోకాలు బెణికి, ఆఖరి మ్యాచ్‌లో నన్ను దింపారు. అక్కా, ఈసారి ఏదీ దాచను. ఓడిపోయాం. పదకొండు సున్నా. ఎదుటివాళ్ళు నడక రాకముందే మంచు మీద జారినవాళ్ళు. మా వాళ్ళు బిళ్ళను అవతలి వైపు తీసుకుపోయింది తక్కువ, మ్యాచ్ అంతా నా ముందే జరిగింది. ఒళ్లంతా నీలంగా కమిలింది, భుజం పైకి లేవడం లేదు. శ్యాం ఒక్కడే మెట్ల మీద నిలబడి గొంతు పోయేదాకా నా పేరు అరిచాడు. మ్యాచ్ అయ్యాక కోచ్ నా హెల్మెట్ తీసి తల మీద చెయ్యి పెట్టాడు. అప్పుడు ఏడ్చాను.

బాపు అంతమందిలో అంత మాట అని నన్ను పంపించాడు. పదకొండు అని ఆయనకు ఎలా చెప్పాలో తెలియక నీకు రాస్తున్నాను.

హరి


కొడకండ్ల,
15 ఏప్రిల్ 2012

తమ్మీ,

నీ ఉత్తరం పట్టుకుని తండాకు పోయి, యాడికీ బాపుకూ ఒక్క అక్షరం వదలకుండా చదివాను. యాడి భుజం దగ్గర రెండుసార్లు చదివించుకుంది. బాపు, "పదకొండా?" అన్నాడు. పదకొండే అన్నాను. తువ్వాలు భుజాన వేసుకుని గంగారం బయలుదేరాడు. నేనూ వెంట పోయాను.

గంగారం టెంటు దగ్గర జగన్మోహన్ ఉన్నాడు. నువ్వు విమానం ఎక్కిన సంగతి ఆయనకు ఎలా తెలిసిందో, ఫ్లెక్సీ సిద్ధంగా ఉంది: "విదేశీ గడ్డపై గంగారం గోలీ ఘన విజయం". కట్టడానికి తాళ్ళు విప్పుతున్నారు. బాపును చూడగానే ఎదురొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. వేదిక మీద ఒక కుర్చీ ఖాళీ చేయించాడు కూడా.

"జైసింగన్నా, గెలిచిండని ఒక్క మాట చెప్పు. ఎవలు చూసొచ్చిన్రు?"

బాపు కుర్చీ వైపు చూశాడు. నిజం చెబుతున్నాను హరీ, ఎక్కి కూర్చుంటాడేమో అనుకున్నాను. మనిషికి ఆశ ఉంటుంది కదా, ఆయన ముఖంలో అది కనిపించింది. కింద చాపల మీద కూర్చున్నవాళ్ళంతా ఆయన నోటి వైపే చూస్తున్నారు.

"ఓడిండు" అన్నాడు బాపు, నిలబడ్డ చోటి నుంచే, అందరికీ వినబడేలా. "పదకొండు పడ్డయి."

జగన్మోహన్ చెయ్యి తీసేశాడు. తాళ్ళు విప్పుతున్న భద్రు కిసుక్కున నవ్వి, "పదకొండు పడితే మరి నీ కొడుకు ఆపిందేందే?" అన్నాడు.

బాపు వాడి వైపు తిరిగాడు. కోపం లేదు. తెలియనివాడికి చెప్పినట్టు చెప్పాడు.

"ఆపిండు గనుకనే పదకొండు."

అక్క,
ఉమ